మాటు బొమ్మలు

ఈమధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు నన్ను వెతుక్కుంటూ నల్లగొండలో మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ చురుకైనవాళ్లు, పెద్ద చదువులు చదివినవాళ్లు. చాయ్ తాగుతూ అసలు సంగతి బయటపెట్టారు. స్టోరు గదిలో పచ్చబొట్లు వేసే కళాకారుడి కాగితాల కట్ట ఒకటి దొరికిందట. ప్రతి కాగితం మీదా ఒక పలచని ట్రేసింగు కాగితం ఉందట. ఎవరో బుద్ధిలేని మనిషి వడ్రంగులు వాడే తెల్ల జిగురు పూసి ఆ రెండింటినీ అతికించేశారట.

"కాగితానికి తెల్ల జిగురేంది మేడం? హైదరాబాదుకు పంపి ఆవిరి పట్టిస్తే ఊడుతదేమో చూద్దామనుకుంటున్నం" అన్నది పెద్దమ్మాయి.

"ఆ బుద్ధిలేని మనిషిని నేనే" అన్నాను.

పాపం, ఆ పిల్ల చేతిలోని బిస్కెట్టు చాయ్‌లో పడిపోయింది. ఆ రోజు వాళ్లకు సగం సంగతే చెప్పగలిగాను. కోపం వస్తే నాకు మాట తడబడుతుంది. ఆవిరి మాట వినగానే నాకు కోపం వచ్చింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. వాళ్లకోసమే కాదు, ఈ పనిలోకి వచ్చే ఎవరికోసమైనా.

నేను పనిచేసింది జనం చేతిపనిని సేకరించి దాచే ఒక చిన్న సంస్థలో. దాని పేరు ఇక్కడ అనవసరం. ఉద్యోగ ప్రకటనలో సేకరణ, పరిరక్షణ, ప్రోత్సాహం అని మూడు బరువైన మాటలు ఉంటాయి. చేసేది మాత్రం జనం ఇళ్లకు పోయి, వాళ్లు పనికిరాదనుకున్నదాన్ని బతిమాలి తెచ్చుకోవడం, తెచ్చినదానికి చెదలు పట్టకుండా చూడటం, అది ఎందుకు తెచ్చామని పైవాళ్లు అడిగితే నీళ్లు నమలడం. నేను నీళ్లు నమలడంలో ఆరితేరాను.

బత్తాయి మీద సింహం

రాష్ట్రం వచ్చిన కొత్తలో 'మన కళలు' అని అందరికీ ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. ఎవరూ పట్టించుకోనిది ఏముందా అని వెతుకుతుంటే నాకు పచ్చబొట్లు తట్టాయి. మా అవ్వ చేతుల నిండా ఉండేవి. బాప్తిస్మం తీసుకున్నాక చర్చికి పోయేటప్పుడు ఆమె కొంగును మోచేతుల దాకా కప్పుకునేది. ఇంటికి రాగానే కొంగు తీసి ఆ చుక్కలను తడిమి చూసుకునేది. అది నా చిన్ననాటి సంగతి.

మా ఊరు నార్కట్‌పల్లి పక్కనే. అక్కడి చౌరస్తాలో, లారీలు ఆగే హోటల్ల వరుసలో, శ్రీశైలం అనే మనిషి పచ్చబొట్ల దుకాణం పెట్టాడు. ముప్పై ఏళ్లుంటాయి. తల్లిదండ్రులు కూలిపని చేసుకునేవాళ్లు. ఇతను బండ్ల నంబరు ప్లేట్లు రాస్తూ రాస్తూ మెషిన్ సూది పట్టాడు. నేను మొదటిసారి పోయినప్పుడు గిరాకీ లేక బత్తాయి మీద సింహం వేస్తున్నాడు.

"గిదేంది, పండు మీద?" అని అడిగాను.

"చెయ్యి ఆపితె చెయ్యి మర్చిపోతది మేడం. మనిషి తోలుకు గుంతలుంటయ్, బత్తాయి తోలుకు గూడ గుంతలుంటయ్. మన జిల్లల బత్తాయిలకు కొదువా?"

ఆ సింహం నన్ను మురిపించింది. తోలు మీది ప్రతి గుంతనూ జూలులో ఒక వెంట్రుకగా మలిచాడు. అడిగి తీసుకున్నాను. రిజిస్టరులో నంబరు వేసి, ఇనుప బీరువాలో పెట్టి, తాళం వేసి సెలవు మీద పోయాను. తిరిగి వచ్చేసరికి ఆఫీసులో ఎవరూ ఆ గదివైపు పోవడం లేదు. బీరువా తెరిస్తే సింహానికి నల్లటి బూజు జూలు మొలిచి ఉంది. చదువుకున్న మనిషిని, బత్తాయి కుళ్లుతుందని నాకు తట్టలేదు! నంబరు పడితే వస్తువు ఆగిపోతుందనుకున్నాను. ఈ ఉద్యోగంలో అందరికీ పట్టే జబ్బు ఇది.

అప్పటినుంచి కాగితం మీద వేసి ఇమ్మన్నాను. మంచి డ్రాయింగు కాగితాలు ఇచ్చాను. అతను వేసినవి చచ్చు బొమ్మలు. గీత వణికింది. ఇతనికి అసలు చెయ్యే లేదేమోనని లోలోపల అనుమానపడ్డాను కూడా. చివరికి అతనే చెప్పాడు: "తోలును ఎడమచేత్తోని సాగదీసి పట్టుకుంటం మేడం. గప్పుడే కుడిచెయ్యి నడుస్తది. కాయిదం మీద ఎడమచెయ్యికి పనే లేదు. గందుకే కుడిచెయ్యి బెదురుతున్నది."

ఆఫీసు సోఫా మీద ఒక రెక్సిన్ దిండు ఉండేది. దాన్ని ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయి ఇచ్చాను. కాగితాన్ని దాని మీద పరిచి, ఎడమచేత్తో అదిమి లాగి పట్టుకుని వేశాడు. ఆ రోజునుంచి అతని గీతకు ప్రాణం వచ్చింది. ప్రోత్సాహం అంటే శాలువా కప్పి ఫొటో దిగడమని మా ఆఫీసులో చాలామంది నమ్మకం. ఆ మనిషి చేతికి ఏం కావాలో కనుక్కోవడమే ప్రోత్సాహమని నేనంటాను.

తల ఎటువైపు

సూదుల కట్టతో, మసితో పచ్చబొట్లు పొడిచే పాతకాలం మనిషి కొల్లాపూర్ దగ్గర ఒకామె ఉందంటే పోయాను. రాములమ్మ. చూపు తగ్గి, పని మానేసి చాలా కాలమైంది. కాగితం ఇస్తే నేల మీద పెట్టుకోలేదు. నా ముంజేయి పట్టుకుని, దానిమీద కాగితం పరిచి, నా చేతిమీదే వేసింది. ఆ సాయంత్రం దాకా నా చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారింది.

ఆ కాగితాలకు ఫ్రేములు కట్టించి గోడకు పెట్టాం. ఆమెను పిలిపించి చూపిస్తే మొహం అంత దగ్గరికి పెట్టి చూసి, నవ్వింది.

"తలకిందులు వెట్టినవ్ బిడ్డా."

"అట్ల కాదవ్వా, తేలు తోక పైకే ఉన్నది గదా."

"ఎదురుంగ నిలవడ్డోళ్లకు పైకున్నది. పొడిపిచ్చుకున్నామెకు కిందికున్నది. బొమ్మ ఎవ్వలిది? ఆమెది. ఆమె చెయ్యి ముంగటికి చాపితె ఆమెకే సక్కగ కనవడాలె. ఊరోళ్లకోసం పొడుస్తనా నేను?"

అన్ని ఫ్రేములూ తిప్పి పెట్టాం. ఆ మాట నాకు బాగా తలకెక్కిందని అనుకున్నాను. ఎక్కలేదని తర్వాత తేలింది.

మాటు

శ్రీశైలం దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చినవి అతను 'మాటు బొమ్మలు' అనేవి. కారే బిందెకు వేసేదే మాటు. పాత పచ్చబొట్టు వద్దనుకున్నవాళ్లు వస్తే దాన్ని చెరపలేడు కాబట్టి, దానిమీద ఇంకో బొమ్మ వేసి దాన్ని అందులో కలిపేస్తాడు. ముందు పాతదాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కిస్తాడు. దాని పై అంచుకు మాత్రం ఒక ట్రేసింగు కాగితం అతికించి, దానిమీద కొత్త బొమ్మ వేస్తాడు. పైకాగితం ఎత్తితే ఎవరిదో పేరు. దించితే నెమలి. అక్షరాలు కింద మసకగా ఉంటూనే ఉంటాయి గానీ, చదువుదామంటే దొరకవు. 'ర' ఈకలో పోతుంది, 'జ' మెడలో పోతుంది.

అన్నీ విషాదాలేమీ కావు. ఒక లారీ డ్రైవరు భుజం మీద ఇతనే కొత్తలో 'అమ్మ' అని రాయబోయి ఒత్తు మరిచాడు. ఆ మనిషి వారానికి తిరిగొచ్చి, "మా అమ్మ ఇంట్లకు రానిస్తలేదు, నిన్ను గీ పాటి సదివిచ్చిననా అని తిడుతున్నది" అని కూలబడ్డాడట. ఆ 'అమ'ను కోడిపుంజు చేసి, పైన అమ్మను ఒత్తుతో సహా రాసి పంపాడు.

అలాంటివి పదకొండు కాగితాలు నాకిచ్చాడు. ఇచ్చేటప్పుడు ఏ కాగితం ఎవరిదో, ఏ ఊరో నేను అడిగాను. వస్తువుకు ఊరూ పేరూ లేకపోతే అది చెత్తతో సమానమని నా మొదటి బాసు నేర్పాడు. అతను చెప్పింది కుండల గురించి, మగ్గాల గురించి. నేను మనుషులకు వర్తింపజేశాను. శ్రీశైలం కూడా మేడం అడుగుతున్నది గదా అని అన్నీ చెప్పేశాడు. ప్రతి కాగితం వెనకా పెన్సిల్‌తో అందంగా రాసి పెట్టుకున్నాను. నా తప్పు అదే. కావాలని చేసింది కాదు, ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తే జరిగింది.

ఎత్తి చూడండి

అప్పటి మా డైరెక్టరు సారు చెడ్డవాడు కాదు. జనం రావాలని, చూడాలని తాపత్రయపడే మనిషి. అలాంటివాళ్లు మన రంగంలో తక్కువ. కాకపోతే ఆయనకు చూసేవాళ్ల సరదాయే ముఖ్యం. మాటు బొమ్మలు చూడగానే ఎగిరి గంతేశాడు. నల్లగొండలో పదిరోజుల ప్రదర్శన పెట్టించాడు. ఫ్రేములకు అద్దాలు వద్దన్నాడు. ఒక్కో బొమ్మ కింద పెద్ద అక్షరాలతో 'ఎత్తి చూడండి' అని చీటీ పెట్టించాడు. దానికింద నేను వెనక రాసుకున్న ఊరూ పేరూ చిన్న అక్షరాలతో అచ్చయి వచ్చాయి. నేనే ప్రూఫు చూశాను. ఒక అచ్చుతప్పు కూడా దిద్దాను.

రెండు రోజులు జనం విరగబడ్డారు. ఎత్తడం, నవ్వడం, దించడం. నేను పొంగిపోయాను.

మూడో రోజు శనివారం, మధ్యాహ్నం భోజనాల వేళకు శ్రీశైలం వచ్చాడు. మనిషి చెమటలతో తడిసిపోయాడు. ఎప్పుడూ 'మేడం' అని నవ్వుతూ వచ్చేవాడు, ఆ రోజు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎంత పని జేసిన్రు మేడం."

బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు ఉన్న కాగితం ఒకటుంది. నిలువునా లేచిన గునుగు వెన్ను, కింద రెండాకులు. పైకాగితం ఎత్తితే ఒక మగమనిషి పేరు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, ఈనాటికీ అడగలేదు. ఆ చెయ్యి పద్మది. ఆమె అసలు పేరు పద్మ కాదు, ఊరు కూడా మార్చి రాస్తున్నాను. మేళ్లచెరువులో ఉంటుందనుకోండి. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పని చూస్తాడు. పెళ్లికి ముందు ఎన్నడో పొడిపించుకున్న పేరును పెళ్లి కుదరగానే శ్రీశైలం దగ్గరికి వచ్చి గునుగు పువ్వు చేయించుకుంది. ముందు రోజు ఆమె వాడకట్టులోని ఒకామె మా ప్రదర్శనకు వచ్చి, ఎత్తి చూసి, చదివి, ఊరూ పేరూ కూడా చదివి, ఇంటికి పోయి నలుగురికీ చెప్పింది. ఆదివారం సెలవుకదా, అందరం పోయి చూద్దామని ఫ్యాక్టరీలో అనుకుంటున్నారట. అందులో పద్మ భర్త కూడా ఉన్నాడు.

నేను గునుగు పువ్వు ఫ్రేము వైపు నడిచాను.

"బొమ్మ నాది గని పేరు గామెది గదా మేడం. నన్ను నమ్మి చెప్పుకున్నది. మిమ్ముల నమ్మి నేను చెప్పిన" అన్నాడు శ్రీశైలం. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు గామె సంసారం ఏమన్న అయితె నేను సూది పట్టలేను. పట్టినా నా తాన్కి ఎవ్వలొస్తరు?"

వెంటనే ఆ ఫ్రేము దించేస్తానన్నాను. అతను ఫోను కలిపి నా చేతికిచ్చాడు. అవతల పద్మ. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఆమె గొంతు మెల్లగా, తేటగా ఉంది.

"దించకున్రి మేడం. దించితె అయిపాయె. ఏమో ఉన్నది గనుకనే దించిన్రంటరు. చూసినామె ఒక్కతే. ఆమె మాట ఇప్పటిదాంక ఉత్త ముచ్చటే. మీరు దించితె అది నిజమైతది."

ఆ తెలివి నాకు ఆ పూట లేదు. ఫ్రేము దించకూడదు, పైకాగితం ఎవరినీ ఎత్తనివ్వకూడదు. సారుకు ఫోను చేస్తే హైదరాబాదులో ఏదో మీటింగులో ఉన్నాడు. "ఒక్కరి కోసం మొత్తం ప్రదర్శన పాడుచేస్తమా? సోమవారం వచ్చి మాట్లాడుత" అన్నాడు. సోమవారం దాకా ఆగే పని కాదది.

కరెంటు పని ఉందని చెప్పి తలుపులు వేయించాను. ఫ్రేములు చేసిన వడ్రంగి వదిలిపోయిన తెల్ల జిగురు డబ్బా మూలన ఉంది. కాగితాన్ని ముట్టుకునేముందు చేతులు మూడుసార్లు కడుక్కునేదాన్ని నేను. ఆ జిగురును కాగితం దరిదాపులకు రానివ్వకూడదని కొత్తవాళ్లకు పాఠం చెప్పేదాన్ని. మైదా జిగురైతే తడి తగిలితే ఊడుతుంది. ఊడకూడదనే ఈ డబ్బా తీశాను.

"నీ బొమ్మలు ఖరాబైతయి శ్రీశైలం" అన్నాను.

"కానియ్యున్రి."

పద్మ కాగితం ఒక్కటే అంటిస్తే అదొక్కటే వేలెత్తి చూపినట్టవుతుంది. పదకొండూ అంటించాం. నేను పూశాను, అతను అరచేత్తో ఒత్తాడు. కాగితాలు తడిసి ఉబ్బి ముడతలు పడ్డాయి. కోడిపుంజు మెడ వంకరపోయింది. 'ఎత్తి చూడండి' చీటీలన్నీ పీకేశాను. ఊరూ పేర్లూ పీకేశాను. వెనక పెన్సిల్ రాతలను అంతకుముందే రబ్బరుతో తుడిచేశాను. రిజిస్టరులో ఆ వరుస కొట్టివేసి, 'వివరాలు తెలియవు' అని రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటి. దానికి సిగ్గుపడటం లేదు.

మీకు నేను చెప్పేదల్లా ఇంతే. మనం సేకరించేవాటిలో కొన్ని ఏదో ఒకటి కనపడకుండా దాచడానికే తయారైనవి ఉంటాయి. అది వాటిలోని లోపం కాదు. మాటు పని దాచడం. దాన్ని ఎత్తి చూపిస్తే ఆ పనినే చెడగొట్టినవాళ్లమవుతాం. వస్తువు గురించి అన్నీ రాసిపెట్టాలన్న ఆత్రం మంచిదే, కానీ రాసేముందు ఆ వస్తువు ఎవరి ఒంటిమీదినుంచి వచ్చిందో ఒక్కసారి అనుకోండి. ఇది నాకు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు. రాములమ్మ చెప్పింది గానీ నేను ఫ్రేములు తిప్పి ఊరుకున్నాను.

ఆదివారం

ఆదివారం తలుపులు తీయకముందే వచ్చి కూర్చున్నాను. పదకొండు దాటాక ఆటో దిగి ఒక గుంపు వచ్చింది. ఏడెనిమిది మంది. అందులో ఒక్కతే ఆడమనిషి. పొడుగు చేతుల జాకెట్టు కాదు, మామూలు జాకెట్టే. ముంజేతి మీద గునుగు పువ్వు నాకు గుమ్మంలోనే కనిపించింది. ఇంట్లో కూర్చోకుండా తానూ వచ్చింది.

గుంపు బొమ్మ బొమ్మ దగ్గరా ఆగుతూ వస్తోంది. ఒకతను కోడిపుంజు అంచు గీకి చూశాడు. "ఎత్తి సూడొచ్చన్నరు గదా, గిది లేస్తనే లేదు" అన్నాడు. ఇంకొకతను "ఒట్టి ముచ్చటరా" అన్నాడు. వాళ్లు విసుగొచ్చి పక్కగదిలో మగ్గాల వైపు పోయారు.

పద్మ భర్త పోలేదు. గునుగు పువ్వు ముందు నిలబడ్డాడు. నల్లగా, దిట్టంగా ఉన్న మనిషి. చొక్కా జేబులో దువ్వెన. భార్య చెయ్యి పట్టుకుని పైకెత్తి కాగితం పక్కన పెట్టి, దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"గోడ మీదిదానికన్న చేతి మీదిదే మంచిగున్నది" అన్నాడు.

పద్మ నవ్వింది. భయం భయంగా మొదలైన నవ్వు, చివరికొచ్చేసరికి మామూలు నవ్వే అయింది. అంతలోనే చూశాను. కింద ఎడమవైపు మూల సరిగ్గా అంటలేదు. రాత్రికి ఆరి, వేలిగోరంత లేచి ఉంది. అతని చెయ్యి అటే పోయింది. వేలు ఆ సందులోకి పెట్టాడు. కొంచెం లాగితే చాలు, ఆ మూలనుంచే పేరు మొదలవుతుంది. పద్మ నవ్వు ఆగిపోయింది.

అతను నావైపు తిరిగాడు.

"మీరేనా మేడం, గివి అంటిచ్చింది?"

అవునన్నాను. పిల్లలు చింపుతున్నారని ఒక సాకు చెప్పబోయి మానుకున్నాను.

అతను వేలు బయటికి తీశాడు. లేచిన మూలను బొటనవేలితో గోడకు అదిమి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"గీ మూల లేస్తున్నది మేడం" అన్నాడు. "నేను పట్టుకుంట, జరంత జిగురు తెండ్రి."